శంషాబాద్‌లో దాదాపు పదిహేను గంటల లేఓవర్: ఈలోగా వరంగల్ చూసి రావచ్చా?

ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలియాలి కదా. డిసెంబరులో అమెరికా నుంచి వస్తున్నారు. తెల్లవారుజామున 3.50కి శంషాబాద్‌లో దిగుతారు, విశాఖపట్నం విమానం సాయంత్రం 6.40కి. మొత్తం అయిదుగురు: మీరు, మీ ఆవిడ, 11 ఏళ్ళ బాబు, 6 ఏళ్ళ పాప, 72 ఏళ్ళ నాన్నగారు. బాబు బడిలో రామప్ప గుడి మీద ప్రాజెక్టు చేశాడు, నీళ్ళ మీద తేలే ఇటుకలు చూడాలంటున్నాడు. నాన్నగారు 70లలో ఇక్కడ వరంగల్‌లో ఆర్‌ఈసీ అనే ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్నారు. రామప్ప, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, భద్రకాళి గుడి నాలుగూ చూసి మళ్ళీ విమానం అందుకోగలమా అని అడిగారు.

వరంగల్‌కు రండి. రామప్పకు మాత్రం ఈసారి వద్దు. వేయిస్తంభాల గుడి, ఖిలా, నాన్నగారి కాలేజీ గేటు. ఈ మూడే పెట్టుకోండి. ఎట్టి పరిస్థితుల్లోనూ మధ్యాహ్నం 12.30కి వరంగల్‌లో బండి కదలాలి. ఈ ఒక్క షరతుకు ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే బయల్దేరండి.

హన్మకొండలో 22 ఏళ్ళుగా బండ్లు నడిపిస్తున్నాను. మొదట నేనే స్టీరింగ్ పట్టేవాణ్ణి, ఇప్పుడు నాలుగు బండ్లున్నాయి. మా దిక్కు ఇంటికొక పిల్లవాడు అమెరికాలోనో దుబాయిలోనో ఉంటాడు కాబట్టి శంషాబాద్ తొవ్వ నాకు మా వీధి ఎంత తెలుసో అంత తెలుసు. మీలాగా మధ్యలో ఆగి ఊరు చూసిపోయే కుటుంబాలను కూడా చాలామందిని తిప్పాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. లేఓవర్ లెక్క ఎప్పుడూ వెనక నుంచి వేయాలి. 6.40 విమానానికి చెక్-ఇన్ గంట ముందే, అంటే 5.40కే మూసేస్తారు. పెట్టెలు, పెద్దాయన, పిల్లలు ఉన్నారు కాబట్టి 4.40కల్లా విమానాశ్రయంలో ఉండాలి. ఇటు ముందువైపు, 3.50కి విమానం దిగితే ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ అన్నీ అయ్యేసరికి గంటన్నర. గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు చాలావరకు ఆ వేళకే దిగుతాయి, వరసలు పెద్దగానే ఉంటాయి. కాబట్టి 5.30కి కారెక్కుతారనుకోండి. 5.30 నుంచి 4.40 దాకా పదకొండు గంటల పది నిమిషాలు. శంషాబాద్ నుంచి హన్మకొండ సుమారు 165 కిలోమీటర్లు, మూడు గంటలు. రానుపోను ఆరు. దారిలో టిఫినుకు అరగంట, ఇక్కడ భోజనానికి ముప్పావు గంట. ఇవన్నీ పోగా మిగిలేది నాలుగు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. అందులో గంటకు పైగా నేను ముట్టుకోనివ్వను, అది పంక్చరుకు, జాముకు, పాప వాంతి చేసుకుంటే ఆగడానికి. చేతికి వచ్చేది రెండు ముప్పావు గంటలు. ఆ రెండు ముప్పావు గంటల్లో నాలుగు చోట్లు పెడితే మీరు చూసేది పార్కింగులే.

రామప్ప హన్మకొండ నుంచి ఇంకో 70 కిలోమీటర్లు. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర హైవే దిగి లోపలికి పాలంపేటకు పోవాలి. ఒక్కవైపు గంటన్నర. అంటే రామప్ప కలిపితే ఆ రెండు ముప్పావు గంటలూ పోయి, పైన ఇంకో పావుగంట అప్పు పడుతుంది. గుడిలో ఒక్క నిమిషం నిలబడకముందే లెక్క తప్పింది.

2022 జనవరిలో నేను ఈ తప్పు చేశాను. రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చి ఆర్నెల్లు, ఎవరు వచ్చినా రామప్పే అడుగుతున్నారు. ఒక కుటుంబం, మీలాగే చిన్న పిల్లలు, సాయంత్రం తిరుపతి విమానం. పద్నాలుగు గంటల గడువుంది కదా అన్నారు, నేను సరే అన్నాను. గుడిలో నలభై నిమిషాలు ఉన్నారు, అందులో పది నిమిషాలు చెప్పుల దగ్గరే. వాపసు వస్తుంటే జనగామ ఇవతల పత్తి లోడు లారీ రోడ్డుకు అడ్డంగా పడిపోయింది. గంటా పది నిమిషాలు కదల్లేదు. ఆ తల్లి ముందు సీట్లో కూర్చుని ఫోనులో టైము చూసుకుంటూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కౌంటరు మూసిన పది నిమిషాలకు చేరాం. రాత్రికి శంషాబాద్‌లో గది తీసుకుని, తెల్లారి కొత్త టికెట్లు కొనుక్కుని పోయారు, ముహూర్తానికి అందలేదు. లెక్క తెలిసిన నేను వద్దనాల్సింది. ఆ రోజు నుంచి శంషాబాద్‌లో రెండో విమానం ఉన్నవాళ్ళను రామప్పకు తీసుకుపోవడం మానేశాను, ఎంత ఇస్తామన్నా సరే.

మీ బాబుకు ఇంకో సంగతి ముందే చెప్పండి. తేలే ఇటుకలు రామప్పలో కింద ఎక్కడో పెట్టి చూపించేవి కావు. అవి గుడి పైన, శిఖరంలో ఉన్నాయి. బరువు తగ్గడానికి గుల్లగా కాల్చిన ఇటుకలతో దాన్ని కట్టారు. కింద నుంచి తలెత్తి చూడాల్సిందే. నీళ్ళలో వేసి చూడొచ్చనుకుని వచ్చిన పిల్లలు అక్కడ మొహం వేలాడేయడం నేను చూశాను. రామప్ప 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, అక్కడి మదనికల (స్తంభాల మీది ఆడబొమ్మల) దగ్గరే గంట నిలబడాలి. వచ్చేసారి విశాఖ నుంచి తీరిగ్గా వచ్చి ఒక రాత్రి ఇక్కడ పడుకుని పొద్దుగాల పోండి.

ఆ ప్రాజెక్టులో బాబు ఇసుక పునాది గురించి కూడా రాసి ఉంటాడు. ఆ కథ వేయిస్తంభాల గుడి దగ్గరే చెప్పొచ్చు, అందుకే ఆ గుడిని ఖిలా కంటే ముందు పెట్టాను. కాకతీయులు బరువైన రాతి కట్టడం కింద గొయ్యి తవ్వి ఇసుక నింపేవారు. ఈ గుడి ఎదురుగా ఉన్న కల్యాణ మండపం కుంగి, స్తంభాలు ఒరిగితే, పురావస్తు శాఖ వాళ్ళు 2006లో రాయి రాయికీ నంబరు వేసి విప్పదీశారు. పునాది మళ్ళీ పోసి, ఆ రాళ్ళే తిరిగి నిలబెట్టి, 2024 శివరాత్రికి తెరిచారు. నేను ఇన్నేళ్ళూ ఆ ఖాళీ జాగా, ఆ రాళ్ళ కుప్పలు చూస్తూ పెరిగిన పిల్లలను చూశాను. మళ్ళీ మండపం లేచిన రోజు మా వీధిలో ముసలివాళ్ళంతా పోయి చూసి వచ్చారు. మీ బాబును ఆ మండపంలో ఒక స్తంభం పక్కన నిలబెట్టి, "దీన్ని ఒకసారి పూర్తిగా విప్పి మళ్ళీ కట్టారు, అతుకు ఎక్కడుందో కనిపెట్టు" అనండి. పావుగంట మీకు వాడితో పని ఉండదు.

గుడి 1163లో రుద్రదేవుడు కట్టించాడు. నక్షత్రం ఆకారంలో ఎత్తైన అరుగు మీద ఉంటుంది, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. స్తంభాల మీద చెక్కడంలో ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి పుల్ల దూర్చి చూపిస్తారు, పాపకు అది నచ్చుతుంది. నల్లరాతి నంది నునుపు మీద చెయ్యి పెట్టి చూడమనండి. వెయ్యి స్తంభాలు లెక్కపెడతానని మాత్రం పిల్లలను మొదలుపెట్టనివ్వకండి, యాభై నిమిషాలు అందులోనే పోతాయి. నాన్నగారికి అరుగు మెట్లు కాస్త ఎత్తు, చెయ్యి పట్టుకోండి. లోపలికి చెప్పులు ఉండవు. డిసెంబరు కాబట్టి రాయి చల్లగా ఉంటుంది, మందపాటి మేజోళ్ళు తెచ్చుకోండి. (ఇది చదివే మిగతావాళ్ళకు: ఏప్రిల్, మే నెలల్లో అయితే పదకొండు దాటాక ఆ రాయి మీద అడుగు పెట్టలేరు. ఎండాకాలం లేఓవర్‌కు చిన్నపిల్లలతో వరంగల్ వద్దనే చెబుతాను.)

అక్కడి నుంచి ఖిలాకు. హంటర్ రోడ్డు మీదుగా పోతే ఇరవై అయిదు నిమిషాలు. మేమంతా ఖిలా అనే అంటాం, కోట అని బయటివాళ్ళు అంటారు. ఇక్కడ గంటన్నర ఇవ్వండి, తగ్గించకండి. నా మటుకు వరంగల్ అంటే ఇదే. చుట్టూ మట్టి గోడ, దాని లోపల రాతి గోడ. రాతి దర్వాజాలోకి బండి నేరుగా పోదు, మెలిక తిరిగి లోపలికి పోవాలి. ఏనుగులతో శత్రువు నేరుగా వచ్చి తలుపు గుద్దకుండా అట్లా కట్టారని బాబుకు బండిలో ఉండగానే చెప్పండి, ఆ మలుపు తిరిగేటప్పుడు వాడికి తెలియాలి. గణపతిదేవుడు రాజధానిని హన్మకొండ నుంచి ఇక్కడికి మార్చి కట్టడం మొదలుపెడితే, కూతురు రుద్రమదేవి దాన్ని పూర్తిచేసింది. లోపల ఇప్పటికీ ఊరుంది. ఇండ్లు, బడి, కిరాణా కొట్టు, గోడ మీద ఆరేసిన బట్టలు. ఏడు వందల ఏళ్ళ గోడల మధ్య పిల్లలు సైకిలు తొక్కుతుంటారు.

నడిమధ్యలో నాలుగు దిక్కులకు నాలుగు కీర్తి తోరణాలు. మూడంతస్తుల ఇంటంత ఎత్తు. రాష్ట్ర చిహ్నంలో చార్మినార్ చుట్టూ కనిపించేది ఈ తోరణమే. తోరణాల మధ్యలో స్వయంభూ శివుడి గుడి ఉండేది. 1323లో దిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్ సేన వచ్చి కోటను పట్టుకున్నాక గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి దిల్లీకి తీసుకుపోతుంటే దారిలోనే చనిపోయాడు. ఇప్పుడు ఆ జాగాలో పడిపోయిన కప్పు రాళ్ళు, హంసలు, సింహాలు, ఏనుగుల వరసలు నేల మీద పేర్చి ఉంటాయి. గుడి మీద ఉంటే మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూడాల్సిన చెక్కడం, ఇక్కడ ఆరేళ్ళ పిల్ల కళ్ళ ఎత్తులో ఉంటుంది. అందుకే చిన్నపిల్లలున్న కుటుంబాలకు రామప్ప కంటే ఖిలానే ముందు చూపిస్తాను. పైగా నేల చదునుగా ఉంటుంది, నాన్నగారు మోకాళ్ళ బాధ లేకుండా నడవొచ్చు, నీడకు చెట్లున్నాయి.

కొన్నేళ్ళ కిందట ఒక పిల్లాడు, తొమ్మిదేళ్ళుంటాయేమో, విమానంలో నిద్ర లేక దారంతా ఏడుస్తూ వచ్చాడు. వేయిస్తంభాల గుడిలో కారు దిగనన్నాడు. ఖిలాకు వచ్చాక తోరణం కింద గడ్డిలో వెల్లకిలా పడుకుని అరగంట అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. తల్లి లేపబోతే నేనే వద్దన్నాను. రెండేళ్ళకు మళ్ళీ వచ్చినప్పుడు వాడు అడిగింది ఆ గడ్డి జాగానే. పిల్లలకు ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగనివ్వండి, ఒక చోటు తక్కువ చూసినా నష్టం లేదు.

పక్కనే ఖుష్ మహల్ ఉంది, షితాబ్ ఖాన్ మహల్ అని కూడా అంటారు. గోడలు కిందకు వెడల్పుగా వాలి ఉంటాయి. మెట్లెక్కి పైకి పోతే తోరణాలన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. పది నిమిషాలు చాలు. టికెట్టు 15 ఏళ్ళలోపు పిల్లలకు లేదు. మీ దగ్గర ఇక్కడి ఫోను చెల్లింపులు పనిచేయకపోవచ్చు కాబట్టి విమానాశ్రయంలోనే కొంచెం చిల్లర నోట్లు పెట్టుకోండి.

భద్రకాళి అమ్మవారిని చూడకుండా పంపడం నాకూ మనసొప్పదు. కానీ దర్శనం వరస మన చేతుల్లో ఉండదు, మధ్యాహ్నం తలుపులు వేస్తారు. శుక్రవారం, ఆదివారం అసలే వద్దు. దూరం నుంచే దండం పెట్టుకోండి.

ఇక సామాను. ఇంత సేపు గుడుల గురించి చెప్పానుగానీ, లేఓవర్ పాడయ్యేది చాలావరకు పెట్టెల దగ్గరే. అమెరికా నుంచి మనిషికి రెండు పెట్టెలు తెస్తారు, అయిదుగురికి పది. దేశంలోకి మొదట దిగేది శంషాబాద్‌లో కాబట్టి పెట్టెలు అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించి, దేశీయ విమానంలో మళ్ళీ ఇవ్వాల్సి ఉంటుంది. తెల్లవారుజామున ఇస్తే సాయంత్రం విమానానికి తీసుకుంటారా లేదా అన్నది టికెట్టును బట్టి, కౌంటరును బట్టి ఉంటుంది. విమాన సంస్థను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తీసుకోకపోతే విమానాశ్రయంలో సామాను దాచే చోటు ఉంటుంది, డబ్బు తీసుకుంటారు. అదీ వద్దనుకుంటే బండిలో పెట్టుకోవాలి, అప్పుడు ఇన్నోవా చాలదు. అయిదుగురు, పది పెట్టెలంటే టెంపో ట్రావెలరే. పైన క్యారియర్ మీద కట్టి తెస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఖిలాలో మీరు తోరణం చూస్తున్నంతసేపూ మనసు బండి మీదే ఉంటుంది.

రెండు విమానాలూ ఒకే టికెట్టా, విడివిడిగా కొన్నారా అన్నది మీరు రాయలేదు. ఇది చిన్న విషయం కాదు. ఒకే టికెట్టయితే విశాఖ దాకా అంతర్జాతీయ బరువే వర్తిస్తుంది, మొదటి విమానం ఆలస్యమైతే వాళ్ళే చూసుకోవాలి. విడిగా కొంటే దేశీయ విమానంలో మామూలుగా మనిషికి 15 కిలోలే. పది పెట్టెలకు అదనపు బరువు డబ్బు చూస్తే గుండె ఆగుతుంది. ముందే ఆన్‌లైన్లో కొనుక్కుంటే కొంత తగ్గుతుంది. విడి టికెట్టయితే ఆలస్యానికి ఎవరూ బాధ్యులు కారు, అప్పుడు నేను చెప్పిన గంట నిల్వను గంటన్నర చేసుకోండి, ఖుష్ మహల్ వదిలేయండి.

ఇమ్మిగ్రేషన్ సంగతి కూడా అడిగారు కదా. అది శంషాబాద్‌లోనే అయిపోతుంది, ఆ తర్వాత మీరు ఊళ్ళో ఉన్నట్టే. బయటికి పోవడానికి వేరే అనుమతి అక్కర్లేదు. మళ్ళీ లోపలికి రావడానికి గేటు దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూపాలి. పిల్లల పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు పెద్ద పెట్టెల్లో పెట్టి దాచే చోట ఇచ్చేయకండి, చేతిసంచీలో ఉంచుకోండి.

డ్రైవరు రాత్రి నిద్రపోయాడా లేదా అన్నది అడగండి. ఈ మాట ఎవరూ అడగరు. తెల్లవారుజామున మీ విమానం దిగే వేళకు శంషాబాద్‌లో ఉండాలంటే వరంగల్ బండి రాత్రి పన్నెండింటికి ఇక్కడ బయల్దేరాలి. అదే మనిషి మళ్ళీ మిమ్మల్ని తెచ్చి, తిప్పి, సాయంత్రం దింపాలి. పదహారు గంటలు. ఒకసారి మధ్యాహ్నం భోజనం చేసి తిరిగొస్తుంటే రఘునాథపల్లి దగ్గర మా డ్రైవరుకు కన్ను మూతపడింది. పక్కన నేను కూర్చుని ఉన్నాను కాబట్టి స్టీరింగ్ పట్టాను. వెనక సీట్లో నలుగురు నిద్రలో ఉన్నారు, వాళ్ళకు ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ఇలాంటి పనికి మా మనిషి ముందురోజు సాయంత్రమే శంషాబాద్ పోయి పడుకుంటాడు, ఆ గది డబ్బు బిల్లులో వేస్తాను. మీరు ఎవరి బండి మాట్లాడుకున్నా ఇదే అడగండి. హైదరాబాద్ బండి అయినా ఫరవాలేదు, ఊరు తెలియాల్సిన పనిలేదు, నిద్ర ముఖ్యం. కిలోమీటర్లు రానుపోను, ఊళ్ళో తిరుగుడు కలిపి 350 అని చెప్పి మాట్లాడుకోండి. టోల్, పార్కింగు, డ్రైవరు బేటా అందులో ఉన్నాయా లేవా అన్నది ముందే తేల్చుకోండి.

తొవ్వ గురించి. ఔటర్ రింగు రోడ్డెక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగితే వరంగల్ హైవే. బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట. గూడూరు దగ్గర ఒకటి, కోమళ్ళ దగ్గర ఒకటి టోల్‌గేట్లు. డిసెంబరు పొద్దుగాల భువనగిరి, ఆలేరు మధ్య పొగమంచు కమ్ముకుంటుంది, అక్కడ పదిహేను నిమిషాలు ఎక్కువ పడితే డ్రైవరును తొందరపెట్టకండి. పత్తి బండ్లన్నీ ఎనుమాముల మార్కెట్‌కు పోయే కాలం అది, జనగామ దాటాక ట్రాక్టర్లు వరసగా ఉంటాయి. భువనగిరి గుట్ట ఎడమ పక్క కనిపిస్తుంది, ఒక్క రాయే అంత గుట్ట అని పిల్లలకు చూపించండి. జనగామకు ముందు పెంబర్తి వస్తుంది, ఇత్తడి పనికి పేరు. పోయేటప్పుడు ఆగకండి. వచ్చేటప్పుడు నిల్వ గంట అట్లాగే ఉంటే, అప్పుడు మాత్రం పది నిమిషాలు ఆగి ఒక చిన్న దీపమో గంటో తీసుకోండి.

మీరు వచ్చేది ఆదివారమైతే యాదగిరిగుట్ట భక్తులతో రాయగిరి మలుపు దగ్గర రద్దీ ఉంటుంది. మేడారం జాతర ఏడాదైతే డిసెంబరు నుంచే ఆదివారాలు మొక్కులకు పోయే బండ్లు మొదలవుతాయి. జాతర వారంలో మాత్రం ఈ రోడ్డు మీదకు విమానం పట్టుకోవాల్సినవాళ్ళు ఎవరూ రాకండి.

ఎప్పుడు మానుకోవాలో కూడా చెప్పాలి. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ దిగేసరికి పొద్దున ఏడు దాటితే వరంగల్ ఆలోచన అక్కడే వదిలేయండి. తిట్టుకుంటూ ముందుకు పోవద్దు. అప్పుడు యాదగిరిగుట్టకు పోయి స్వామిని చూసి, భువనగిరి కోట కింద నుంచి చూసి, మధ్యాహ్నానికల్లా వెనక్కి రండి. అసలు లేఓవరే పన్నెండు గంటల లోపు ఉన్నవాళ్ళు, ఔటర్ మీదుగా గోల్కొండకు పోండి. ఆరేడు గంటలే ఉంటే శంషాబాద్ దగ్గరే నర్కూడలో అమ్మపల్లి సీతారాముల గుడి ఉంది, పాత కోనేరు, పెద్ద గోపురం, ప్రశాంతంగా ఉంటుంది. అక్కడ గంట కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని పోయిన కుటుంబాలున్నాయి, వాళ్ళెవరూ ఏదో పోగొట్టుకున్నట్టు నాతో అనలేదు.

ఒకరు కామెంటులో "విశాఖకే కదా, విమానం వదిలేసి వరంగల్ నుంచే రైలెక్కొచ్చు" అన్నారు. మంచి ఆలోచనే. సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం విశాఖకు పోయే వందేభారత్ వరంగల్‌లో ఆగుతుంది, రాత్రికి విశాఖ చేరుస్తుంది. వారంలో ఒక రోజు ఉండదు, చూసుకోవాలి. ఇద్దరు మనుషులు, రెండు చేతిసంచీలైతే నేనూ అదే చెబుతాను. కానీ బండి నిమిషమో రెండో ఆగే స్టేషన్లో పది పెట్టెలు, ఆరేళ్ళ పాప, 72 ఏళ్ళ పెద్దాయన అంటే చాలా తిప్పలు. ఇంకొకటి, మీ తిరుగు ప్రయాణం కూడా అదే టికెట్టులో ఉంటే, మధ్యలో ఒక విమానం ఎక్కకపోతే మిగతా ప్రయాణమంతా రద్దు చేసే ప్రమాదం ఉంది. విమాన సంస్థతో మాట్లాడకుండా ఏ ముక్కా వదిలేయకండి.

చివరగా నాన్నగారి సంగతి. మీరు ప్రశ్నలో దాన్ని ఒక్క ముక్కలో రాసి, "టైముంటే గేటు చూపిద్దాం" అన్నారు. దాన్ని టైముంటే అని పెట్టకండి. మొదట అదే పెట్టండి.

ఎందుకు చెబుతున్నానంటే, 2016లో ఒక రిటైర్డు మాస్టారు కొడుకు కుటుంబంతో ఇలాగే మధ్యలో వచ్చారు. బాల్యమంతా హన్మకొండలో గడిచిందట. పొద్దున్నుంచీ పిల్లలకు గుడులు చూపించాం, ఆయన ఏమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో కాజీపేట దాటుతుంటే, "బాబూ, కుమార్‌పల్లి వైపు ఒకసారి తిప్పుతావా, మా ఇల్లు ఉండేది" అన్నారు. టైము లేదు సార్ అన్నాను. నిజంగానే లేదు. సరే నాయనా అని ఊరుకున్నారు. మళ్ళీ ఆయన రాలేదు. ఆ కొడుకు తర్వాత ఫోను చేసినప్పుడు తెలిసింది. పెద్దవాళ్ళు అడగరు, పిల్లల ప్రోగ్రాము పాడవుతుందని ఊరుకుంటారు. అందుకే ఇప్పుడు బండిలో పెద్దవాళ్ళుంటే నేనే ముందు అడుగుతాను.

మీ నాన్నగారి విషయంలో అదృష్టం ఏమిటంటే పక్కదారి కూడా పట్టక్కర్లేదు. ఆర్‌ఈసీ, ఇప్పుడు నిట్, కాజీపేట నుంచి హన్మకొండ వస్తుంటే మీరు వచ్చే రోడ్డు మీదే ఉంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ, దేశంలో మొదటి ఆర్‌ఈసీ. 2002లో పేరు మారింది. నాన్నగారు ఆర్‌ఈసీ అనే అంటారు, మేమూ చాలాకాలం అట్లాగే అన్నాం, ఇప్పటికీ ఆటోవాళ్ళకు ఆ పేరు చెబితే తెలుస్తుంది. లోపలికి పోవాలంటే గేటు దగ్గర అడగాలి. పాత విద్యార్థినని చెప్పి, పాత డిగ్రీ కాగితమో గుర్తింపు కార్డో ఫోనులో ఫొటో ఉంటే చూపించి నెమ్మదిగా మాట్లాడితే మంచిది. ఆ ఫొటో ఇప్పుడే తీసి పెట్టుకోండి. పంపకపోతే గేటు ముందు నిలబడి ఫొటో దిగండి. పోయేటప్పుడే ఆగండి, వచ్చేటప్పుడు కాదు. ఇరవై నిమిషాలు ఇవ్వండి, ఆ ఇరవై ఖుష్ మహల్ నుంచి, భోజనం నుంచి తీసుకోండి.

విమానం తేదీ, అది ఏ వారమో, రెండు టికెట్లు ఒకటేనా కాదా అన్నవి ఇక్కడే కింద రాయండి. నాన్నగారిని అడిగి అప్పుడు ఏ హాస్టల్లో ఉండేవారో, సాయంత్రాలు చాయ్ ఎక్కడ తాగేవారో కూడా రాయండి. ఆ చోటు ఇంకా ఉందో లేదో రేపు అటు పోయినప్పుడు చూసి చెబుతాను.